ఎండాకాలంలో పేస్ పడిపోతోందా? ముందు ఒంటి వేడి లెక్క చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చల్లటి రోజుల్లో కిలోమీటరుకు 6 నిమిషాల పేస్‌లో హాయిగా సాగిన ఈజీ రన్, ఎండలు ముదిరాక 6:50 దగ్గర కూడా ఆయాసంగా ఉంది. హార్ట్ రేట్ 145 నుంచి 162కి ఎగబాకింది. పోయిన ఆదివారం 22 కిలోమీటర్లు అనుకుని బయల్దేరి 16 దగ్గర నడకలోకి వచ్చేశారు. మారథాన్‌కి ఐదు నెలలుంది. ఒక స్నేహితుడు చల్లబడేదాకా మానెయ్యమంటున్నాడు, ఇంకొకరు ఎండలో కష్టపడితేనే గట్టిపడతావంటున్నారు. ఫిట్‌నెస్ పోయిందేమో అని మీ టెన్షన్.

ఇద్దరి మాటా వినకండి. మీ ఫిట్‌నెస్ ఎక్కడికీ పోలేదు. నేను పదహారు ఎండాకాలాలు పరిగెత్తాను, ప్రతి ఏడాదీ మొదటి రెండు వారాలు నాకూ ఇలాగే ఉంటుంది. మొదట్లో నేనూ మీలాగే హడలిపోయి, పోయిన పేస్‌ని తిరిగి పట్టుకోవాలని ఇంకా గట్టిగా పరిగెత్తేవాణ్ణి. వేసవిలో చేయగల అతి పెద్ద తప్పు అదే. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ లెక్క ఒకసారి బుర్రకెక్కితే మిగతా జాగ్రత్తలన్నీ ఎవరూ చెప్పకుండానే మీకే తోస్తాయి.

పరిగెత్తేటప్పుడు మనం ఖర్చు చేసే శక్తిలో కాళ్లను ముందుకు నడిపేది పావు వంతు కూడా ఉండదు, మిగతాదంతా వేడిగా మారుతుంది. 70 కిలోల మనిషి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరిగెడితే గంటకు దాదాపు 700 కేలరీలు ఖర్చవుతాయి, అందులో 540 దాకా వేడే. ఆ వేడి ఒంట్లోంచి బయటికి పోకపోతే ఏమవుతుంది? అంత బరువున్న ఒంటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 58 కేలరీలు చాలు. అంటే ఆరేడు నిమిషాలకో డిగ్రీ చొప్పున ఒళ్లు కాగిపోతుంది. అలా కాగకుండా మనల్ని కాపాడేవి రెండే, ఒంటికి తగిలే గాలి, చెమట. గాలి చర్మం కన్నా చల్లగా ఉన్నంతసేపే అది వేడిని తీసుకుపోతుంది. ఎండలో చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి బయట 38, 40 ఉన్నప్పుడు గాలి చల్లబరచకపోగా తిరిగి వేడెక్కిస్తుంది. వడగాలి ఎదురుగా కొడుతుంటే ఇంకా నీరసం రావడం అందుకే. ఇక మిగిలింది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడి పోతుంది, అంటే పైన చెప్పిన మనిషికి గంటకు సుమారు లీటరు సరిపోవాలి. కానీ ఆవిరైన చెమటకే ఈ లెక్క. గడ్డం మీంచి బొట్లుబొట్లుగా కారిపోయే చెమట నీళ్లు పోవడమే తప్ప చల్లబరచదు.

ఇప్పుడు మీ హార్ట్ రేట్ సంగతి చూడండి. వేడిని బయటికి పంపడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి, అదే సమయంలో కాళ్ల కండరాలకూ పంపాలి, పైగా చెమటతో రక్తంలోని నీరు తగ్గిపోతూ ఉంటుంది. ఒక్కో కొట్టుకి పంపే రక్తం తగ్గుతుంది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి కొట్లు పెరుగుతాయి. మీ 162 మీ కాళ్లు బలహీనపడ్డాయని చెప్పడం లేదు, ఒకే గుండె రెండు పనులు చేస్తోందని చెప్తోంది. అదే పేస్‌లో వెళ్తున్నా గంట గడిచేసరికి ఇంకో పది కొట్లు పెరగడం కూడా ఇందుకే.

ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బయల్దేరడం రెండో తప్పు. తేమ చూడాలి, అది కూడా శాతంలో కాకుండా డ్యూ పాయింట్‌గా (గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) చూడండి, వాతావరణం యాప్‌లు చాలావరకు చూపిస్తాయి. తేమ శాతం ఉష్ణోగ్రతతో పాటు మారిపోతూ మోసం చేస్తుంది, గాలిలో నిజంగా ఎంత నీరుందో డ్యూ పాయింట్ చెప్తుంది. నేను పెట్టుకున్న గీతలు ఇవి: డ్యూ పాయింట్ 15 డిగ్రీల లోపు ఉంటే దాని గురించి ఆలోచించను, 20 దాటితే పేస్ చూడటం మానేస్తాను, 24 దాటితే ఈజీ రన్ తప్ప ఇంకేదీ చేయను, దాన్ని కూడా తగ్గిస్తాను. పొడి గాలిలో 36 డిగ్రీల కన్నా ఉక్కపోతలో 29 డిగ్రీలు నన్ను ఎక్కువ కుంగదీసిన రోజులు బోలెడు.

రాత్రి పరిగెడితే సరిపోతుందిగా అని మీరు రాశారు. దీనికి 2019లో దోహాలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలే సమాధానం. మహిళల మారథాన్‌ని ఎండ తప్పించాలని అర్ధరాత్రి వేళ మొదలుపెట్టారు. సూర్యుడు లేడు, కానీ అప్పుడు కూడా 30 డిగ్రీలు దాటిన వేడి, 70 శాతం పైన తేమ. 68 మంది బయల్దేరితే 40 మందే పూర్తి చేశారు. గెలిచిన కెన్యా రన్నర్ రూత్ చెప్‌న్‌గెటిచ్ టైం 2:32:43, అదే ఏడాది జనవరిలో ఆమె దుబాయ్‌లో 2:17:08లో పూర్తి చేసింది. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన వాళ్లలో ఒకరికి పావుగంట పైన తేడా వచ్చింది. మీకు కిలోమీటరుకు 50 సెకన్లు వచ్చిందని బాధపడుతున్నారు! పైగా వేడిలో ముందువరసలో ఉండేవాళ్ల కన్నా మనలాంటి నెమ్మది రన్నర్లకే ఎక్కువ దెబ్బ, రోడ్డు మీద ఎక్కువ గంటలుంటాం, పక్కన ఇంకా నలుగురు గుంపుగా ఉంటారు, గాలి ఆడదు.

కాబట్టి వేళ విషయంలో నా సలహా తెల్లవారుజామే. రోజంతటిలో ఉష్ణోగ్రత అతి తక్కువగా ఉండేది సూర్యోదయం ముందూ వెనకా. తేమ శాతం అప్పుడే ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని చూసి వెనక్కి తగ్గకండి, రోడ్డూ గోడలూ రాత్రంతా చల్లారి ఉంటాయి, నెత్తిన ఎండ ఉండదు. సాయంత్రం ఆరింటికి ఎండ వాలినట్టే ఉంటుంది కానీ రోజంతా తాగిన వేడిని తారురోడ్డు అప్పుడు కక్కుతూ ఉంటుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ వాళ్లు కూడా మారథాన్‌ని ఎండకు భయపడి ఉత్తరాన ఉన్న సప్పోరోకి మార్చారు, అదీ చాలక మహిళల రేసుని ముందురోజు రాత్రి ఉన్నపళంగా ఏడింటి నుంచి ఆరింటికి జరిపారు. ఒక గంటకు అంత విలువుంది. మీరు ఆదివారం ఏడింటికి బయల్దేరానని రాశారు, అంటే 16వ కిలోమీటరు దగ్గర తొమ్మిది అయ్యుంటుంది. మిమ్మల్ని ఆపింది ఆ గంటలే. నాలుగున్నరకి బయల్దేరితే అదే 22 పూర్తయ్యేది. అయితే నిద్ర తగ్గించుకుని లేవద్దు, రాత్రి తొమ్మిదింటికే పడుకోవాలి. నిద్ర చాలని రోజు ఒళ్లు వేడిని తట్టుకోలేదు.

ఇప్పుడు అసలు పని, అలవాటు పడటం. దీన్ని ఓపికగా చేస్తే ఎండాకాలం మీకు చేసే మేలు ఇదే. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, దానికి ఒక క్రమం ఉంది. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలోని ప్లాస్మా, అంటే నీటి భాగం, పెరుగుతుంది, హార్ట్ రేట్ కొంచెం దిగుతుంది. ఆ తర్వాత వారంలో చెమట త్వరగా పట్టడం, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, ఒళ్లు ఉప్పుని దాచుకోవడం నేర్చుకుంటుంది. పది పద్నాలుగు రోజులకి అదే వేడిలో అదే పేస్ కొంచెం సులువవుతుంది. చల్లటి రోజుల్లో ఉన్నంత సులువు ఎప్పటికీ కాదు, అది ఆశించకండి.

ఈ రెండు వారాలు నేనైతే ఇలా చేస్తాను. మొదటి మూడు రోజులు అరగంట, అది కూడా పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా. తర్వాత రెండు రోజులకోసారి పది నిమిషాలు పెంచుకుంటూ గంటా పావు దాకా వస్తాను. వారంలో ఐదారు రోజులు వేడి తగలాలి, మధ్యలో మూడు నాలుగు రోజులు వదిలేస్తే మళ్లీ వెనక్కి పోతుంది. పూర్తిగా ఆపేస్తే మూడు నాలుగు వారాల్లో సంపాదించిందంతా పోతుంది. అందుకే మానెయ్యమన్న స్నేహితుడి మాట వద్దన్నాను. ఇంకొకరి మాట ఎందుకు వద్దన్నానంటే, అలవాటు పడటానికి మధ్యాహ్నం ఎండలో మాడనక్కర్లేదు. ఒంట్లో వేడి కొంచెం పెరిగి, బాగా చెమట పట్టి, గంట సేపు అలా ఉంటే చాలు, ఎండాకాలంలో తెల్లవారుజామున కూడా అది జరిగిపోతుంది. పరుగు అయ్యాక 40 డిగ్రీల వేడి నీళ్ల తొట్టిలో మెడ దాకా కూర్చునే పద్ధతి ఒకటుంది, ఆరు రోజులు వరసగా 40 నిమిషాల చొప్పున చేస్తే అలవాటు వచ్చినట్టు ప్రయోగాల్లో తేలింది. కానీ అది చల్లటి చోట ఉండి వేడి రేసుకి వెళ్లేవాళ్లకు పనికొచ్చేది, ఇప్పటికే ఎండలో ఉన్న మీకు అనవసరం. రాత్రి చల్లటి గదిలో పడుకుంటే అలవాటు పోతుందేమో అని కొందరు భయపడతారు. పోదు. పరుగు వేడిలో చేయండి, నిద్ర చల్లగా పొండి.

పేస్ విషయంలో వాచీలో ఆ స్క్రీన్ తీసేసి హార్ట్ రేట్ ఒక్కటే పెట్టుకోండి. చల్లటి రోజుల్లో మీ ఈజీ 145 కదా, ఇప్పుడు 150 దాటకుండా వెళ్లండి, దాటితే తగ్గించండి, తగ్గించినా దిగకపోతే రెండు నిమిషాలు నడవండి. పేస్ 7:00 రానీ, 7:20 రానీ. పైన చెప్పిన లెక్కే మళ్లీ చూడండి, 6:00 నుంచి 7:00కి దిగితే గంటకు పుట్టే వేడి ఏడో వంతు తగ్గుతుంది. వేడిని తగ్గించే బటన్ మన చేతిలో ఉన్నది ఇదొక్కటే.

లాంగ్ రన్‌ని కిలోమీటర్లలో కాకుండా గంటల్లో రాసుకోండి. 22 కిలోమీటర్లకు చల్లగా ఉన్నప్పుడు మీకు 2 గంటల 12 నిమిషాలు పట్టేది, ఇప్పుడు కూడా 2 గంటల 12 నిమిషాలే పరిగెత్తండి, 19 వచ్చినా పర్లేదు, గుండెకీ కండరాలకీ తెలిసేది సమయం, శ్రమ. ఒకేవైపు దూరం వెళ్లి తిరిగి వచ్చే దారి వద్దు. నాలుగైదు కిలోమీటర్ల చుట్లు వేయండి, ప్రతి చుట్టుకీ నీళ్లు దొరికేలా, బాగోలేకపోతే ఆగిపోయేలా. స్పీడ్ పనులు వారానికి ఒకటే ఉంచి, ముక్కలు చిన్నవి చేసి విశ్రాంతి పెంచండి. ఐదేసి నిమిషాల ఇంటర్వెల్స్ బదులు నిమిషమో రెండు నిమిషాలో, మధ్యలో నడక. టెంపో రన్ (కాస్త కష్టమైన పేస్‌లో ఆగకుండా చేసే పరుగు) మాత్రం ట్రెడ్‌మిల్ మీద ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టుకుని చేయండి. ఫ్యాన్ లేని ట్రెడ్‌మిల్ బయటి కన్నా ఘోరం, కదిలే గాలే ఉండదు.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. లేత రంగు, వదులు, పలచన, కాటన్ వద్దు, తడిసి బరువెక్కి ఒరుసుకుంటుంది. టోపీ పైభాగం తెరిచి ఉంటే మంచిది. ఒరుసుకునే చోట వ్యాజలిన్.

నీళ్ల గురించి మాత్రం చెప్పాలి, ఇక్కడ రెండు వైపులా తప్పులు జరుగుతాయి. మీ చెమట ఎంతో మీరే కొలుచుకోండి. గంట పరుగుకి ముందు బట్టల్లేకుండా బరువు చూసుకోండి, వచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి, మధ్యలో మూత్రానికి వెళ్లకండి. 68.0 నుంచి 66.9కి దిగి, దారిలో 400 మిల్లీలీటర్లు తాగారనుకోండి, గంటకు లీటరున్నర చెమట. మనిషికీ మనిషికీ ఇందులో చాలా తేడా ఉంటుంది. అమెరికన్ మారథానర్ అల్బెర్టో సలజార్‌కి 1984 ఒలింపిక్స్ ముందు కొలిస్తే గంటకు 3.7 లీటర్లు వచ్చింది, కొందరికి ముప్పావు లీటరు కూడా రాదు. అందుకే ఎవరో తాగినంత మీరు తాగడంలో అర్థం లేదు. పోయిందంతా తిరిగి తాగాల్సిన పని లేదు, బరువులో 2 శాతం దాటి పోకుండా చూసుకుంటే చాలు. 68 కిలోల మీద అది 1.4 కిలోలు. రెండు గంటల్లో 3 లీటర్లు పోతే, 1.6 లీటర్లు తాగాలి, అంటే పావుగంటకోసారి 200 మిల్లీలీటర్లు. ఒక్కసారిగా అరలీటరు పోస్తే కడుపులో కుతకుతలాడుతుంది.

రెండో వైపు తప్పు, భయంతో అతిగా తాగడం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, తగ్గిపోయి ఉంది, వాళ్లలో ఎక్కువమంది పరుగు అయ్యేసరికి బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవాళ్లు. వాంతి వచ్చేలా ఉండటం, తలనొప్పి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోవడం, మాటల్లో తడబాటు దాని గుర్తులు. ప్రాణం మీదికి తెచ్చే సంగతి ఇది. గంటలోపు పరుగుకి మామూలు నీళ్లు చాలు. గంటన్నర దాటితే నీళ్లలో ఉప్పు ఉండాలి, స్పోర్ట్స్ డ్రింకో ఓఆర్ఎస్‌నో వాడండి. ఓఆర్ఎస్‌ని ప్యాకెట్ మీద రాసిన కొలత నీళ్లలోనే కలపండి, చిక్కగా కలిపితే కడుపు పాడవుతుంది. పరుగయ్యాక టోపీ మీద, బనియను మీద తెల్లటి ఉప్పు చారలు కనిపించేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లు, అలర్జీ మాత్రలు, మానసిక సమస్యలకు మందులు వాడేవాళ్లు వేసవి ట్రైనింగ్‌కి ముందు డాక్టర్ని అడగాలి, ఇవి వేడిని తట్టుకునే శక్తిని తగ్గించగలవు. లాంగ్ రన్ ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటుంటే ఈరోజే మానెయ్యండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. జ్వరం వచ్చినా, విరేచనాలైనా, తగ్గిన రెండు మూడు రోజులదాకా వేడిలో పరుగు వద్దు.

ఇక నేను ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాయడానికి అసలు కారణం చెప్తాను. పరుగు మొదలుపెట్టిన తొమ్మిదో ఏడాది, అంటే నాకంతా తెలుసు అనుకునే రోజుల్లో, ఒక లాంగ్ రన్‌కి రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరాను. రేసు దగ్గరపడిందని పేస్ తగ్గించలేదు. 18వ కిలోమీటరు దగ్గర చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, ఆ ఎండలో చలేసింది. చల్లబడింది, మంచిదే అనుకున్నాను. కొంచెం సేపటికి పక్కనున్న మిత్రుడు ఏ మలుపు తిరగాలి అని అడిగితే నేనేదో సంబంధం లేని జవాబు చెప్పానట, అది నాకు గుర్తు లేదు. నిటారుగా పరిగెత్తడం లేదని చూసి అతను నన్ను బలవంతంగా ఆపాడు, నాకేం కాలేదని నేను అతని మీద అరిచాను. ఒక ఇంటి ముందు మొక్కలకు నీళ్లు పెడుతున్న గొట్టం అడిగి తీసుకుని, పావుగంట సేపు తల మీంచి కాళ్ల దాకా నీళ్లు కొడుతూనే ఉన్నాడు. తర్వాత ఆసుపత్రి, మళ్లీ పరిగెత్తడానికి మూడు వారాలు. ఆ రోజు ఒంటరిగా ఉండుంటే ఇప్పుడిది రాసేవాణ్ణి కాదు.

అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి. ఎండలో చలి వేయడం, ఒళ్లు జలదరించడం, తల దిమ్మెక్కడం, కారణం లేకుండా చిరాకు, తూలడం, ఇందులో ఏది వచ్చినా పరుగు అక్కడితో అయిపోయింది, మిగిలిన కిలోమీటర్లు అలాగే వదిలేయండి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది నమ్ముతారు, అది పరుగులో వచ్చే వడదెబ్బకు వర్తించదు, చెమట కారుతూ ఉండగానే పడిపోతారు. దూరం ఎక్కువైతేనే వస్తుందనేది కూడా నిజం కాదు. గట్టిగా పరిగెడితే అరగంటలో కూడా రావచ్చు. అమెరికాలో ఆగస్టు నెలలో జరిగే ఫాల్మౌత్ రోడ్ రేసు 11 కిలోమీటర్లు మాత్రమే, అయినా అక్కడ 18 ఏళ్ల లెక్క తీస్తే 274 మందికి వడదెబ్బ తగిలింది. వాళ్లను చల్లటి నీళ్ల తొట్లలో వెంటనే ముంచారు. అందరూ బతికారు. అదే ఇక్కడ తెలుసుకోవాల్సింది: ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడుతుంటే ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూనే నీడకు చేర్చి, మంచు నీళ్లో కుళాయి నీళ్లో ఏవి దొరికితే అవి ఒంటినిండా పోయండి, తొట్టి ఉంటే మెడ దాకా ముంచండి, తల పైనే ఉంచండి. మొదటి అరగంటలో వేడి దిగితే మనిషి బతికే అవకాశం చాలా ఎక్కువ. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు మాత్రం పోయకండి.

వేసవి లాంగ్ రన్ ఒంటరిగా చేయకండి. ఇప్పుడు నేనూ నా మిత్రుడూ మూడు కిలోమీటర్లకోసారి ఒకరినొకరు ఒక చిన్న ప్రశ్న అడుగుతాం, ఇందాక దాటిన మలుపులో ఏముంది, వచ్చే బుధవారం తేదీ ఎంత, అలాంటివి. జవాబు తప్పయినా, ఆలస్యమైనా ఇద్దరం ఆగిపోతాం. వాదించకూడదు, ఆ ఒప్పందం బయల్దేరే ముందే చేసుకుంటాం, ఎందుకంటే ఒళ్లు కాగినవాడికి తాను బాగానే ఉన్నాననే అనిపిస్తుంది.

మీ ప్రశ్నలో చివరిది, మారథాన్ టార్గెట్ పేస్ ఇప్పుడు మార్చుకోవాలా అని. వద్దు. ఇప్పటి పరుగుల్ని బట్టి అది తేలదు. చల్లబడ్డాక రెండు మూడు వారాలు ఆగి, ఒక 10 కిలోమీటర్లు గట్టిగా పరిగెత్తి చూసి అప్పుడు నిర్ణయించుకోండి, ఆ పరీక్షకి మీకు సమయం ఉంది. మొదటి చల్లటి ఉదయం కాళ్లు వాటంతటవే పరుగు తీస్తాయి, ఆ వారం కూడా ఈజీ రన్స్‌ని 145 దగ్గరే ఉంచండి, పేస్ దానంతటదే వస్తుంది. ఈ ఆదివారం నాలుగున్నరకి బయల్దేరి, 150 లోపు రెండు గంటలు పరిగెత్తండి. ముందూ తర్వాతా బరువు, తాగిన నీళ్లు, ఆ సమయంలో డ్యూ పాయింట్ రాసి పంపితే, ఆ పై వారానికి ఎంత తాగాలో, ఎంత పెంచాలో మీ అంకెలతోనే లెక్క వేసి చెప్తాను.